మా వంతు సున్నం

"మీరెక్కణ్ణుంచి వచ్చారు?" అని మమ్మల్ని అడగని వాళ్లు లేరు. ఇల్లు అద్దెకు కావాలని వెళితే అడుగుతారు. బళ్లో పిల్లాణ్ణి చేర్చబోతే, పేరు విన్నాక అడుగుతారు. గవర్నర్‌పేట అంటాం. అది కాదు, అంతకు ముందు? అంటారు. అంతకు ముందూ గవర్నర్‌పేటే. ఇంకా వెనక్కి పోతే బందరు. అడిగిన వాళ్ల మొహంలో తృప్తి ఉండదు. అరేబియా అనో ఇరాన్ అనో, కనీసం హైదరాబాదు అనో అంటే తప్ప వాళ్ల లెక్క తేలదు.

మా ముత్తాతల పుట్టిన తేదీలకు సర్టిఫికెట్లు లేవు. వాళ్ల పేర్ల మీద పొలాలు లేవు, కాబట్టి దస్తావేజులూ లేవు. ఏలూరు రోడ్డు వెనక సందుల్లో ప్రెస్సుల్లో అక్షరాలు కూర్చాం. పళ్లబండి తోశాం. జట్కా తోలాం. పుస్తకాలు కుట్టి అట్టలేశాం. బెజవాడ తెలుగు పుస్తకాలకు పెట్టింది పేరు కదా, ఆ పుస్తకాల వీపులు కుట్టిన చేతుల్లో మావీ ఉన్నాయి. పుస్తకం మీద రాసినాయన పేరుంటుంది, వేసినాయన పేరుంటుంది, లోపలి పేజీలో ప్రెస్సు పేరు కూడా ఉంటుంది. బైండరు పేరుండదు. మా పేర్లు రాసి ఉండే చోటు ఒక్కటే. ఖబ్రస్తాన్‌లో తలవైపు పాతిన రాయి.

ఆ రాళ్ల గురించే ఈ నాలుగు మాటలు.

మా ఖబ్రస్తాన్ ఊళ్లో కలిసిపోయి చాలా కాలమైంది. మా పెద్దలు జనాజా మోసుకెళ్లే రోజుల్లో అది ఊరి చివర, కాలువ దాటాక. ఇప్పుడు చుట్టూ అపార్ట్‌మెంట్లు. మూడో అంతస్తు బాల్కనీలో బట్టలారేసుకునే వాళ్లకు మా నానాలూ దాదాలూ తెల్లారేసరికి కనిపిస్తారు. నేల నల్లరేగడి. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. ఏటా ఉబ్బి ఏటా కుంగే నేల మీద రాయి నిటారుగా నిలబడదు. ఒకటి ముందుకు వాలింది, ఒకటి వెల్లకిలా పడింది, ఒకటి నడుం దగ్గర విరిగి రెండు ముక్కలైంది. వేప వేళ్లు కొన్నిటిని ఎత్తేశాయి. షబే బరాత్ రాత్రి అగరొత్తులు పట్టుకుని పోయినప్పుడు ఏ వాలిన రాయి ఎవరిదో వెతుక్కోవడం మాకు అలవాటే. ఏడాదికో రాత్రి కదా, వెతుక్కుని, ఫాతిహా చదువుకుని, ఇంటికొచ్చేవాళ్లం.

2025లో ఆ అలవాటు చెడింది. ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ చట్టం వచ్చింది. అప్పటిదాకా ఒక చోటును తరతరాలుగా నమాజుకో ఖననానికో వాడుతూ వస్తే, కాగితం లేకపోయినా, ఆ వాడుకే దాన్ని వక్ఫ్ చేసేది. ఇకమీదట అలా కుదరదంది కొత్త చట్టం. ముందే నమోదైనవి ఉంటాయి, కానీ తగాదాలో ఉన్నవీ సర్కారు భూమి అన్నవీ ఉండవు. సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు కొన్ని సెక్షన్లను ఆపింది, ఈ మాటను మాత్రం ఆపలేదు. ఆ మధ్యలో, జూన్‌లో, కంప్యూటరులో ఒక పోర్టల్ తెరిచి, ఆస్తుల వివరాలన్నీ ఆరు నెలల్లో ఎక్కించమన్నారు. ఎప్పటి నుంచి ఉంది? ఎవరిచ్చారు? కాగితం ఏది?

కాగితం కోసం మా వాళ్లు ముగ్గురు ఒక ఆఫీసుకు వెళ్లారు. ఏ ఆఫీసన్నది ఇక్కడ అక్కర్లేదు. అక్కడి గుమాస్తా చెడ్డవాడేం కాదు, కుర్చీ వేసి కూర్చోమన్నాడు. మా వాళ్లు ఫోన్లో తీసిన గోరీల ఫొటోలు చూపించారు. ఆయన ఒక్కొక్కటీ వేలితో జరిపి చూశాడు. "ఇవన్నీ కొత్తవి కదా సాయిబుగారూ, సిమెంటుతో కట్టినవి" అన్నాడు. "లోపలి రాయి పాతది బాబూ" అని మా పెద్దాయన చెప్పాడు. "లోపలిది ఫొటోలో పడదు కదండీ" అన్నాడు గుమాస్తా.

ఆ మాటలో తప్పు పట్టడానికేం లేదు. నిజంగానే పడదు.

ఆ సిమెంటు కథ కూడా చెప్పాలి. పాతికేళ్ల కిందట మా పేట కుర్రాళ్లు కొందరు కువైట్‌లోనూ దుబాయ్‌లోనూ డ్రైవర్లుగా, మెకానిక్కులుగా చేరారు. మొదటి జీతాలు ఇళ్లకొచ్చాయి. ఇళ్లు బాగుపడ్డాక పెద్దల గోరీలు బాగు చేయించాలనిపించింది వాళ్లకు. ఇంతకంటే ప్రేమగల పనేముంది? మేస్త్రీలను పెట్టి, వాలిన రాళ్లను నిలబెట్టి, చుట్టూ సిమెంటు పోసి, రాతి మొహం మీద కూడా నున్నగా సిమెంటు పూసి, పైన ఆకుపచ్చ రంగేసి, పేరు పెయింటుతో రాయించారు. చూడ్డానికి పెళ్లిపందిరిలా కళకళలాడింది. నాలుగు వానాకాలాలు గడిచాక రంగు పొక్కులు పొక్కులుగా లేచింది. పెయింటు పేర్లు పోయాయి. పదేళ్లకు సిమెంటు పెచ్చులూడింది, ఊడుతూ ఊడుతూ రాతి పొరనూ దాని మీది అక్షరాలనూ పట్టుకుపోయింది.

ఎందుకలా అవుతుంది? మేం చదువుకున్న ఇంజినీర్లం కాం. కానీ అడిగి తెలుసుకున్నాం, చేతులతో చేసి చూశాం. మా రాళ్లలో ఎక్కువ పల్నాటి నాపరాళ్లు. పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి అది. అలాంటి రాయి నేలలోంచి తడి పీలుస్తుంది, ఎండకు వదిలేస్తుంది, మళ్లీ పీలుస్తుంది. చుట్టూ సిమెంటు బిగిస్తే ఆ తడికి దారుండదు. సిమెంటు రాతికంటే గట్టిది, తడిని పోనివ్వదు. లోపలి నీరు రాతిలోంచే బయటికి రావాలి. వస్తూ ఉప్పును మోసుకొస్తుంది. ఆ ఉప్పు రాతి చర్మం కింద గడ్డకట్టి పొరను తోసేస్తుంది. ఎండకు సిమెంటు ఒక రకంగా సాగుతుంది, రాయి ఒక రకంగా సాగుతుంది. ఇద్దరిలో ఎవరో ఒకరు పగలాలి. మెత్తనిదే పగులుతుంది. సున్నం అలా కాదు. రాతికంటే మెత్తగా ఉంటుంది, తడిని తన గుండా పోనిస్తుంది, పగలాల్సి వస్తే తనే పగులుతుంది. పగిలిన సున్నాన్ని గీకేసి కొత్తది పెట్టుకోవచ్చు. పగిలిన పేరును ఎక్కణ్ణుంచి తెస్తాం?

ఇంగ్లండులో 1824లో పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నారు. అది మన ఊళ్లకు రావడానికి ఇంకో తరం, రెండు తరాలు పట్టింది. బెజవాడ దగ్గర కృష్ణకు 1852లో మొదలుపెట్టి 1855లో పూర్తిచేసిన పాత ఆనకట్ట సున్నం కాలపుది. 1952లో తెగేదాకా దాదాపు వందేళ్లు డెల్టాకు నీళ్లిచ్చింది. ఇప్పుడు కృష్ణకు ఇవతల జగ్గయ్యపేట, అవతల పల్నాడు, రెండు ఒడ్డులా సిమెంటు ఫ్యాక్టరీలే. ఏ కొట్లో అడిగినా సిమెంటు బస్తా దొరుకుతుంది. సున్నం కలపడం తెలిసిన మనిషి మాత్రం దొరకడం లేదు.

మాకు ఒకాయన దొరికాడు. ఉప్పర మేస్త్రి, డెబ్బై దాటినాయన. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో డంగు సున్నం పనులకు వెళ్లాడట. మేం మేస్త్రిగారూ అంటాం, ఆయన మమ్మల్ని చిన్నా పెద్దా తేడా లేకుండా సాయిబుగారూ అంటాడు. మా గోరీల పని అనగానే కాసేపు మాట్లాడలేదు. "నన్ను లోపలికి రానిస్తారా?" అన్నాడు. ఆ ప్రశ్న ఆయన వేరే చోట్ల నేర్చుకున్నది. చెప్పులు వదిలి రండి, అంతే అన్నాం.

మొదట ఆయన తాపీ పట్టనేలేదు. పుస్తకం పట్టమన్నాడు. ప్రతి రాయికీ నంబరు వేసి, ఏ రాయి ఎక్కడుంది, ఎటు వాలింది, ఎంత లోతున ఉంది, రాసుకుని ఫొటో తీయమన్నాడు. కదిలించాక గుర్తులు పోతాయి, తర్వాత ఏడ్చి లాభం లేదన్నాడు. మా కుర్రాళ్లు పలుగులు పట్టుకుని వచ్చారు, వాళ్లను వెనక్కి పంపి బడి పిల్లల నోటుబుక్కులు తెప్పించాం. రెండు శుక్రవారాలు జుమా నమాజు తర్వాత అదే పని.

సున్నపురాయి పిడుగురాళ్ల బట్టీల నుంచి తెచ్చాం. ఆ ఊళ్లో కొండరాయిని కాల్చి సున్నం చేయడం ఇప్పటికీ బతుకుతెరువే. కాల్చిన రాయిని గోతిలో నీళ్లలో వేస్తే చూడాలి. బుసకొడుతుంది, ఉడుకుతుంది, పొగలు కక్కుతూ పగులుతుంది. కళ్లలో చుక్క పడితే చూపు పోతుందని కుర్రాళ్లందరికీ వెల్డింగ్ షాపు కళ్లద్దాలు పెట్టించాడు మేస్త్రి. ఉడుకు తగ్గాక జల్లెడ పట్టి, నీళ్ల కింద రెండు నెలలు నానబెట్టాం. గాలి తగిలితే గట్టిపడిపోతుంది, నీళ్ల కింద ఉంటే ఏళ్లకొద్దీ వెన్నలా ఉంటుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని సున్నం మళ్లీ రాయిగా మారుతుందట. కొండలో రాయి, బట్టీలో పొడి, గోతిలో వెన్న, గోరీ దగ్గరికొచ్చాక తిరిగి రాయి.

పూర్వం గానుగ ఉండేది. గుండ్రటి కాలువలో బరువైన రాతి చక్రం, ఎద్దులు తిప్పుతుంటే సున్నమూ ఇసుకా మెత్తగా నలిగేవి. అలా నలిగిందే డంగు సున్నం. ఇప్పుడు గానుగ ఎక్కడుంది? పెద్ద రోట్లో రోకళ్లతో దంచాం. ఒక పాలు సున్నం, ఒక పాలు మెత్తటి ఇటుకపొడి, రెండు పాళ్లు కృష్ణ ఇసుక. ఉప్పు ఉంటుంది కాబట్టి సముద్రపు ఇసుక పనికిరాదు. ఏటి ఇసుకనైనా కడిగి వాడాలి. ఇటుకపొడి ఎందుకంటే, ఉత్త సున్నం తడినేలలో గట్టిపడదు, ఇటుకపొడి కలిస్తే తడిలోనూ పట్టుకుంటుంది. విరిగిన ముక్కలు అతికే చోట కరక్కాయ నానబెట్టిన నీళ్లూ బెల్లం నీళ్లూ కలపాలన్నాడు. బెల్లమేస్తే చీమలు పట్టవా అని ఒక కుర్రాడు అడిగాడు. "సున్నంలోకొచ్చిన చీమ బతుకుద్దా నాయనా" అని నవ్వాడు మేస్త్రి.

పాత సిమెంటు ఒలవడమే అన్నిటికంటే కష్టం. కోసే మెషీను ఒకటి అద్దెకు తెస్తామన్నారు, తేనివ్వలేదు. చిన్న ఉలి, చిన్న సుత్తి, గోరుతో గీకినట్టు. సిమెంటు మరీ గట్టిగా పట్టిన చోట వదిలేశాం. రాయి పోయేకంటే సిమెంటు ఉండటం మేలు. యాసిడ్ వద్దు, ఇనుప బ్రష్షు వద్దు, బ్లీచింగు వద్దు. మంచినీళ్లు, మెత్తటి బ్రష్షు, ఓపిక.

ఓపిక పడితే ఒక రాయి నోరు విప్పింది. ఆకుపచ్చ రంగు కింద సిమెంటు, సిమెంటు కింద నల్లగా మాసిన నాపరాయి. అక్షరాలు అరిగిపోయాయి, వేలితో తడిమితే తప్ప తెలియడం లేదు. మా బైండరు చాచా కుర్రతనంలో కంపోజిటర్‌గా చేసినవాడు. సీసపు అక్షరాలను తలకిందులుగా, ఎదురుగా చదివిన కళ్లు ఆయనవి. చీకటి పడేదాకా ఆగమన్నాడు. చీకటిలో టార్చిలైటును రాతికి పక్కనుంచి, దాదాపు ఆనించి వేశాడు. ఎదురుగా వేస్తే కనపడనిది పక్కవెలుగుకు లేచి నిలబడింది. పైన 786. బిస్మిల్లా అక్షరాల విలువలన్నీ కూడితే వచ్చే అంకె. మా ఆటోల మీద చూసి అదేదో రహస్య సంకేతమనుకునే వాళ్లున్నారు, లెక్క మాత్రమే. కింద ఒక పేరు. పేరు కింద హిజ్రీ 1311. మన లెక్కలో 1893-94.

నూట ముప్ఫై ఏళ్లు దాటిన రాయి, పాతికేళ్ల సిమెంటు చొక్కా తొడుక్కుని, ఆఫీసులో కొత్తదైపోయింది.

నిలబెట్టేటప్పుడు మేస్త్రి కాంక్రీటు దిమ్మ వద్దన్నాడు. జానెడు మించి లోతు తవ్వలేదు, లోపలి మనిషిని కదిలించే హక్కు మాకు లేదు. అడుగున ఇటుక ముక్కలూ ఇసుకా పరిచి, నీరు దిగిపోయే దారి పెట్టాం. సరుగుడు బాదుల మీద గోనెపట్టాలు కట్టి, రాయిని పసిపిల్లాణ్ణి ఎత్తినట్టు నలుగురు ఎత్తారు. మన దగ్గర మయ్యత్‌ను ఉత్తరానికి తల పెట్టి, మొహం పడమటికి తిప్పుతారు. తలరాయి ఉత్తరపు కొసన ఉండాలి. సిమెంటు రోజుల్లో రెండు రాళ్లు కాళ్లవైపు నిలబడిపోయాయి, వాటిని తలవైపుకు తెచ్చాం. విరిగిన రాళ్ల లోపల ఇనుప చువ్వ వేయలేదు. ఇనుము తుప్పు పట్టి ఉబ్బి రాతిని చీల్చేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు చువ్వలు సన్నవి వేసి సున్నంతో అతికాం. తర్వాత పది రోజులు తడి గోనెలు కప్పి, ఎండ తగలకుండా కాపాడాం. అందుకే డిసెంబరు, జనవరిలో పెట్టుకున్నాం పని. మే ఎండలో సున్నం పెడితే పగుళ్లే.

పని సగంలో ఉండగా మావాళ్లే ఆపారు. బయటివాళ్లతో తగాదా కంటే ఇది మాకు కష్టమైంది, అందుకే దాచకుండా రాస్తున్నాం. ఒక కుర్రాడు, చదువుకున్నవాడు, గడ్డం పెంచిన మంచి పిల్లాడు. "చాచా, ఖబర్లకు గచ్చు వేయొద్దని హదీసులో ఉంది కదా. మీరు చేస్తున్నదేంటి?" అన్నాడు. ఉంది. సహీ ముస్లింలో జాబిర్ చెప్పిన హదీసు. గోరీకి గచ్చు వేయొద్దని, దాని మీద కూర్చోవద్దని, దాని మీద కట్టడం కట్టొద్దని. తిర్మిజీలో రాత కూడా వద్దని ఉంది. మేం కాదనలేదు. చాచా నెమ్మదిగా అడిగాడు. "బేటా, ఉస్మాన్ ఇబ్నె మజ్‌ఊన్‌ను పాతిపెట్టాక ప్రవక్త ఏం చేశారో తెలుసా?" అబూదావూద్‌లో ఉంది. రాయి తెమ్మన్నారట. తెచ్చేవాడు మోయలేకపోతే స్వయంగా చేతులు మడుచుకుని మోసి తలవైపు పెట్టారట, తన సోదరుడి ఖబర్ ఆనవాలు తెలియడానికి. ఆనవాలు కోసం రాయి ఉండొచ్చు, అవసరముంటే పేరూ ఉండొచ్చని హనఫీ ఉలేమాల్లో చాలామంది చెప్పిన మాట. మేం గుమ్మటాలు కట్టడం లేదు, ఎత్తు పెంచడం లేదు. పడ్డ రాయిని లేపి, అడుగున పట్టు పెడుతున్నాం. పైపెచ్చు మీ నాన్నల తరం పోసిన గచ్చునే ఒలుస్తున్నాం కదరా అన్నాం.

వాడు ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోలేదు. కానీ తర్వాతి శుక్రవారం వచ్చి ఇసుక కడిగాడు. సున్నం మాత్రం ముట్టలేదు. మాకు అది చాలు. మాలో అందరూ ఒక్కమాట మీద ఉంటారనుకునే వాళ్లు మా ఖబ్రస్తాన్‌లో ఒక పూట కూర్చోవాలి.

అన్నిటికంటే మమ్మల్ని తల దించుకునేలా చేసింది ఇంకొకటి. నోటుబుక్కుల్లో రాసిన పేర్లన్నీ ఒకచోట చేర్చాక చూశాం. మగవాళ్ల రాళ్లకు పేరు, తండ్రి పేరు, కొన్నిటికి పని కూడా ఉంది. ఆడవాళ్ల రాళ్లు తక్కువ. ఉన్నవాటి మీద కూడా జౌజా ఫలానా. ఫలానా వారి భార్య. అంతే. పేరు లేదు. ఆవిడ తన పేరుతో పుట్టి, తన పేరుతో పిలిపించుకుని, పోయాక మొగుడి పేరు కింద పడుకుంది. పెద్ద పెద్ద మక్బరాల్లో మగవాళ్ల గోరీ మీద కలమ్‌దాన్ ఆకారం, ఆడవాళ్ల గోరీ మీద రాత పలక ఆకారం చెక్కుతారు. రాసేది అతను, రాయించుకునేది ఆమె అన్నమాట. మా బీద ఖబ్రస్తాన్‌లో ఆ పలకా లేదు.

గేటు బయట ఒక ఆపా రోజూ వచ్చి నిలబడేది. మా దగ్గర ఆడవాళ్లు లోపలికి రారు, రానివ్వరు. మూడో రోజు పిలిచింది. "మా అమ్మీ ఎక్కడుందో నాకు తెలుసు. లోపలికి రాకుండానే తెలుసు" అంది. గోడ పట్టుకుని లెక్క చెప్పింది. ఈ గేటు నుంచి వేపచెట్టు, వేపచెట్టు నుంచి దక్షిణానికి ఎనిమిది అడుగులు, అక్కడ రాయి లేని దిబ్బ. జనాజా రోజు ఆమె పదకొండేళ్ల పిల్లట, ఈ గోడ మీదకెక్కి చూసిందట. మేం వెళ్లి కొలిచాం. దిబ్బ ఉంది. మగవాళ్లం అన్నేళ్లు ఆ దిబ్బను దాటుకుంటూ షబే బరాత్‌లు చేసుకున్నాం.

ఇదంతా చేస్తూ ఉండగా మాలో కొందరం బందరు వెళ్లొచ్చాం. మా పాత ఊరు కదా. బందరులో డచ్చివాళ్ల సమాధుల తోట ఉంది. 1605-06లో అక్కడ కొట్టు తెరిచిన డచ్చి కంపెనీ తాలూకు వర్తకులూ, వాళ్ల భార్యలూ, పిల్లలూ. పెద్ద రాతి పలకల మీద వంశచిహ్నాలు, డచ్చి భాషలో రాతలు. చక్కగా ఉన్నాయి. భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు అది. బోర్డు ఉంది, పాడు చేస్తే శిక్ష అని ఉంది. మాకు అసూయ లేదు, అబద్ధమెందుకు, కొంచెం ఉంది. బట్టలు కొనుక్కుపోవడానికి వచ్చినవాడి గోరీ జాతి ఆస్తి. ఇక్కడే పుట్టి ఇక్కడే పుస్తకాలు కుట్టినవాడి గోరీ తగాదా ఆస్తి. ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం అని సామెత. సరే, వెన్న ఎవరికి పెట్టారో పెట్టారు. మా కంటికి వచ్చిన సున్నం ఈసారి మాకు పనికొచ్చింది.

గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధులకు అదృష్టం పట్టింది. 2013 నుంచి 2024 దాకా ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ అక్కడ మరమ్మతులు చేయించింది. అక్కడ కూడా మొదటి పని, ఇరవయ్యో శతాబ్దంలో పూసిన సిమెంటును ఒలిచెయ్యడం. తర్వాత సున్నం. మేం వెళ్లి చూశాం, గచ్చు మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. సుల్తానులకు ట్రస్టులొస్తాయి, మంచిదే. అక్కడ సున్నం కలిపిన పనివాళ్ల చేతుల్లోకి ఆ విద్య తిరిగొచ్చింది, అదింకా మంచిది. కానీ మమ్మల్ని చూడగానే జనం గోల్కొండ సుల్తానులనే గుర్తు చేసుకుంటారు, అది మాత్రం మాకు చిరాకు. మా వాళ్లు రాజ్యాలేలలేదు. మా రాళ్లను చూడండి, ఎంత పొట్టిగా ఉన్నాయో.

ఇంకో సంగతి. బాగా పాత రాళ్ల మీద రాత ఫార్సీ. తర్వాతి వాటి మీద ఉర్దూ. ఆ తర్వాతి వాటి మీద పైన ఉర్దూ, కింద తెలుగు. ఈ ముప్ఫై ఏళ్లవి ఒట్టి తెలుగు. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటాం, కానీ మా పిల్లలు అది చదవలేరు. ఉర్దూ వాళ్లు మాది ఉర్దూ కాదంటారు, తెలుగు వాళ్లు మాది తెలుగు కాదంటారు. రాళ్లు మాత్రం ఏమీ అనకుండా ఒక్కో అక్షరం మార్చుకుంటూ వచ్చాయి. మీ భాష ఏదని అడిగేవాళ్లను తూర్పు గోడ నుంచి పడమటి గోడ దాకా ఒకసారి నడిపిస్తే చాలనిపించింది.

1311 రాయి ఫొటో, పక్కవెలుగులో తీసింది, కొలతలతో సహా ఫైల్లో పెట్టి ఇచ్చాం. గుమాస్తా తీసుకుని, స్టాంపు వేసి, రసీదు ఇచ్చాడు. అది రుజువుగా నిలుస్తుందా అన్నది ఇంకా తేలలేదు.

మొత్తం పదిహేడు రాళ్లు లేచాయి. ఇంకా చాలా ఉన్నాయి. ఆపా వాళ్ల అమ్మీకి కొత్త రాయి ఒకటి, పొట్టిది, నగిషీలు లేనిది చెక్కించాం. చెక్కేవాడు అలవాటుగా అడిగాడు, ఎవరి భార్య అని రాయాలమ్మా అని. ఆపా గేటు అవతలి నుంచే చెప్పింది, పేరు ఒక్కటే చాలు, తెలుగులో రాయి, నేను చదువుకోవాలి అని. గేటు నుంచి కనపడేలా అక్షరాలు కొంచెం పెద్దవి చేయించాం.

గోతిలో రెండు తట్టల సున్నం మిగిలింది. వచ్చే డిసెంబరుకు పనికొస్తుందని నీళ్ల కింద ఉంచాం. నీళ్లు ఇగిరిపోకుండా వారానికొకరు వెళ్లి చూసి రావాలని మేస్త్రి చెప్పాడు. ఈ వారం వంతు చాచాది.